రెండున్నర గంటల తేడా

తోటల్లో కెమెరాలు చూసుకునే పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ముందుగా కొనుక్కోవలసిన పనిముట్టు పొడుగాటి బూజుకర్ర. నవ్వులాటకు చెప్పడం లేదు. పొద్దుగూకితే కెమెరాలో మన కంటికి సరిగా ఆనని దీపాలు వెలుగుతాయి. ఆ వెలుగుకు పురుగులు చేరతాయి. పురుగుల కోసం సాలెపురుగు వచ్చి కెమెరా అద్దం ముందే గూడు కడుతుంది. గాలికి గూడు ఊగగానే కెమెరా దాన్ని మనిషి అనుకుని యజమాని ఫోనుకు హెచ్చరిక పంపుతుంది. తెల్లవారగానే యజమాని నాకు ఫోను చేస్తాడు.

"బాయ్, తోటలో ఎవరో ఉండారు. తెల్లగా, లావుగా, ఊగతా ఉండాడు. తాగినట్టుండాడు."

నేను బండి మీద అంత దూరం పోయి ఆ తాగుబోతును బూజుకర్రతో దులిపి వస్తాను. నా పనిలో సగం ఇదే.

నా పేరు మస్తాన్. చిత్తూరులో రేడియోలు బాగుచేశాను, తర్వాత టీవీలు, ఆ తర్వాత డిష్‌లు. నేను ఒక యంత్రాన్ని బాగుచేయడం పూర్తిగా నేర్చుకునే సరికి జనం దాన్ని వాడటం మానేసేవారు. చివరికి కెమెరాల దగ్గర నిలబడ్డాను. ఈమధ్య మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు, అందుకని ఇంట్లో కూచున్నాను. కొత్తగా ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు కొందరు వచ్చి ఏ కంపెనీ కెమెరా మంచిది, ఏ వైరు మంచిది అని అడుగుతున్నారు. అవి దుకాణంలో ఎవరైనా చెబుతారు. నేను చెప్పగలిగింది వేరే ఉంది.

ఉడుతలు, కుంకుమ, ఏనుగులు

వైరును ఉడుత కొరుకుతుంది. జంక్షను పెట్టెలో కందిరీగలు కాపురం పెడతాయి. మోటారు వేసినప్పుడల్లా కరెంటు పడి లేస్తుంది. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది భక్తి. ఆయుధపూజ మరుసటి రోజు నా ఫోను ఆగకుండా మోగేది. "బాయ్, కెమెరాలో అంతా ఎర్రగా కనపడతా ఉండాది." ట్రాక్టరుకు, మోటారుకు, తూకం రాళ్ళకు పెట్టినట్టే కెమెరాకూ చందనం రాసి కుంకుమ పెడతారు. మనిషికి నుదురు ఎక్కడో కెమెరాకు అద్దం అక్కడ. ఒక పెద్దామెకు అద్దం మీద పెట్టవద్దని చెప్పాను. "మరి కన్ను మీద కాకుండా యాడ పెట్టాలప్పా?" అని ఆమె అడిగింది.

పలమనేరు వైపు ఒక టమాటా రైతు ఏనుగుల కోసమే నాలుగు కెమెరాలు పెట్టించుకున్నాడు. ఒక రోజు తెల్లవారుతుండగా ఫోను చేశాడు.

"బాయ్, ఏనుగులు వచ్చినాయి. అయిదుండాయి. ఒక పిల్ల కూడా ఉండాది. శానా బాగా కనపడతా ఉండాయి."

"మరి ఏం చేస్తా ఉండావన్నా?"

"ఏం చేసేది? సూస్తా ఉండా."

అవి చేను మొత్తం తిని పోయేదాకా అతను తిరుపతిలో కూతురి ఇంట్లో మంచం మీద కూచుని చూశాడు. బొమ్మ ఎంత స్పష్టంగా వచ్చిందో నాలుగైదు సార్లు చెప్పాడు. ఆ మెప్పుకు సంతోషించాలో, ఏడవాలో తెలియలేదు. కెమెరా పని చూపించేవరకే. చూశాక ఏం చేయాలన్నది దానికి తెలియదు, కొన్నవాడికీ చాలాసార్లు తెలియదు.

మా ముదలాళి

నేను పని చేసిన దుకాణం చిత్తూరులో కోర్టుకు పోయే దారిలో ఉండేది. ముదలాళి, అంటే దుకాణం యజమాని, పేరు పురుషోత్తం. పని తెలిసిన మనిషి. పిడుగు పడి కాలిపోయిందని చెప్పి మా తప్పును ఎప్పుడూ దేవుడి మీద వేయనిచ్చేవాడు కాదు. ఎర్తు వైరు సరిగా దించకపోతే నిచ్చెన మీద నుంచి దించి తిట్టేవాడు. అది నాకు మేలు చేసింది. అయితే అమ్మకం దగ్గరికి వచ్చేసరికి ఆయన వేరే మనిషి.

రైతు దుకాణంలోకి వస్తే ఆయన కెమెరా మాట ఎత్తేవాడే కాదు. కూచోబెట్టి టీ తెప్పించి, "మీ తోటలో పని చేసేవాళ్ళు నమ్మకమైనోళ్ళేనా అన్నా?" అని అడిగేవాడు. రైతు వెంటనే "మనోళ్ళే" అంటే రెండు కెమెరాలు. ఒక్క క్షణం ఆలోచించి "మనోళ్ళే..." అంటే ఎనిమిది.

"మనం అమ్మేది అనుమానం మస్తానూ. కెమెరా దాన్ని పెట్టి ఇచ్చే డబ్బా," అని నాతో అనేవాడు. అది నిజమని తెలుసుకోవడానికి నాకు ఎక్కువ కాలం పట్టలేదు. దొంగలు కంచె దాటి వస్తారని చెప్పి కెమెరాలు కొంటారు. బిగించేటప్పుడు మాత్రం వేలు పెట్టి చూపించేది ఎటువైపు? పశువుల పాక, మోటారు గది, కూలివాళ్ళు చెట్టు నీడన కూచుని సద్ది తినే చోటు. కంచె వైపు తిప్పమని అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

చెంగల్రాయుడి తోట

బంగారుపాళ్యం దాటాక చెంగల్రాయుడి మామిడితోట. తోతాపురి కాయ, గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. తోటలోనే ఇల్లు, ఇంటి వెనక పది ఆవుల పాక. ఆ పాకలో మునెమ్మ పన్నెండేళ్ళుగా పని చేస్తోంది. తెల్లవారుజామునే వచ్చి పాలు పిండి, పేడ తీసి, ఆరున్నర దాటగానే ఒక గోతం పేడ నెత్తిన పెట్టుకుని వెనక గేటు గుండా ఇంటికి పోయేది. పేడ తీసుకుపొమ్మని ఇంటావిడే చెప్పింది. ఇది అందరికీ తెలిసిన సంగతి. ఎంత తెలిసిందంటే ఎవరి కంటికీ ఆనేది కాదు.

చెంగల్రాయుడు మా దుకాణంలో ఒక్క క్షణం ఆలోచించి ఎనిమిది కెమెరాలు కొన్నాడు. ఒకటి వెనక గేటు మీద పెట్టాం. కెమెరాలు చూసినదంతా దాచుకునే యంత్రాన్ని రైతులు పెట్టె అంటారు, నేనూ అదే అంటాను. ఆ పెట్టెను ఇంట్లో దేవుడి గూటి పక్కన పెట్టాను. పెట్టెలో గడియారం ఉంటుంది. నా చేతి గడియారం చూసి దాని టైము సరిచేశాను. అయితే పెట్టెకు అది ఏ దేశంలో ఉందో కూడా చెప్పాలి. ఆ గడి అలాగే వదిలేశాను. ఫ్యాక్టరీలో తయారైనప్పటి చైనా టైమే అందులో ఉండిపోయింది. టైము సరిగ్గా చూపిస్తోంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

చెంగల్రాయుడి మేనల్లుడు ఒకడు ఆ ఇంట్లోనే ఉండేవాడు. పేరు హరి. చదువు సగంలో ఆపి, మేనమామ తోట చూసుకుంటున్నానని ఊరంతా చెప్పుకునేవాడు. నేను చూసినంతవరకు అతను తోటను ఫోనులోనే చూసుకునేవాడు. నేను వచ్చేసిన తర్వాత అతను పెట్టెకు ఇంటర్నెట్ తగిలించాడు. ఇంటర్నెట్ తగలగానే పెట్టె దాని టైము అదే తెచ్చుకుంది. చైనా టైము తెచ్చుకుంది. అంటే మనకంటే రెండున్నర గంటలు ముందు. ఎవరూ గమనించలేదు. టైము చూడటానికి అందరికీ చేతిలో ఫోనుంది, పెట్టెలో గడియారం ఎవరు చూస్తారు?

మామిడి కోతల కాలంలో ఒక రోజు చెంగల్రాయుడు ఎనిమిదిన్నరకు మోటారు వేసి, కాసేపు నీళ్ళు పారించి ఆపాడు. తొమ్మిదికి ఇంటిల్లిపాదీ చిత్తూరులో పెళ్ళికి పోయారు. కడుపులో బాగాలేదని హరి ఇంట్లో ఉండిపోయాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు వాళ్ళు తిరిగి వచ్చి మోటారు వేస్తే తిరగలేదు. బోరు దగ్గర రాగి కేబులు కోసుకుపోయారు.

మరునాడు పొద్దున నన్ను పిలిపించారు. హాల్లో చెంగల్రాయుడు, హరి, ఊరి పెద్దమనుషులు ఇద్దరు కూచున్నారు. నేను పెట్టె ముందు కూచోగానే హరి, "ఎనిమిదిన్నర నుంచి పెట్టు బాయ్. అప్పుడు మోటారు తిరిగింది కదా," అన్నాడు. బోరు దగ్గర కెమెరా లేదు, అందుకని వెనక గేటు కెమెరా పెట్టి బొమ్మను తొందరగా తిప్పాను. తొమ్మిదీ పది అని టైము పడిన చోట ఒక మనిషి కనిపించింది. మునెమ్మ. నెత్తి మీద గోతం.

"ఆపు!" అన్నాడు చెంగల్రాయుడు.

ఆపాను. అక్కడితో చూడటం ఆపేశాం. దొంగ దొరికిందనుకున్నాక ముందుకు ఎవరు తిప్పుతారు?

మునెమ్మను ఇంటి నుంచి పిలిపించారు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం బయట నిలబడింది. చెంగల్రాయుడు తెర చూపించి, "తొమ్మిదింటికి గోతం ఎత్తుకోని యాడికి పోతా ఉండావు?" అని అడిగాడు.

"తొమ్మిదా? నేను దినామూ పొయ్యేది ఆరున్నరకు గదన్నా. అది పేడ. అమ్మనే అడుగు."

"కెమెరాలో తొమ్మిదీ పది అని ఉండాది."

"దాంట్లో ఏముండాదో నాకేం తెల్సు? నేను ఆరున్నరకే పొయ్యినా."

పెద్దమనుషుల్లో ఒకాయన నా వైపు తిరిగి, "ఏం బాయ్, ఆ టైము తప్పయ్యేదానికి ఉంటుందా?" అని అడిగాడు.

ఇన్నేళ్ళ పనిలో నన్ను ఎవరూ పెద్దమనుషుల మధ్య కూచోబెట్టి మాట అడగలేదు. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. కాస్త గొంతు సవరించుకుని చెప్పాను. "మనిషి అబద్ధం చెప్పచ్చు గానీ అన్నా, యంత్రం చెప్పదు."

మునెమ్మ నన్ను చూసింది. ఇంటావిడ వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. పేడ సంగతి ఆమెకు తెలుసు, ఆరున్నర సంగతీ తెలుసు. ఆమె తెర వైపు, మొగుడి వైపు చూసి లోపలికి పోయింది. ఆ సాయంత్రమే పాల సెంటరు దగ్గర, ఊరంతా క్యాన్లతో నిలబడి ఉండగా, మునెమ్మ దొంగతనం చేసిందని, పని మానిపించామని చెంగల్రాయుడు చెప్పాడు. పోలీసుల దగ్గరికి పోకుండా వదిలేసినందుకు ఆయన్ను అందరూ మెచ్చుకున్నారు.

తెరలో పన్నెండున్నర

పది రోజుల తర్వాత, ఒక సోమవారం పొద్దున, అదే ఇంటి నుంచి ఫోను వచ్చింది. వెనక గేటు దగ్గర తెల్లగా ఎవరో ఊగుతున్నారట. బూజుకర్ర పట్టుకుని పోయాను. సాలెగూడు దులిపి, బొమ్మ సరిగా వస్తోందో లేదో చూద్దామని లోపలికి వచ్చాను. ఇంటావిడ మజ్జిగ ఇచ్చి, పది గంటల బస్సు ఇప్పుడే పోయిందని ఏదో మాటల్లో అంది. నేను తెర చూశాను. పన్నెండున్నర అని ఉంది.

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. నా గడియారం చూశాను. మళ్ళీ తెర చూశాను.

ముందు రోజులకు తిప్పాను. దొంగతనం జరిగిన రోజుకు ముందు రోజు, తొమ్మిదీ పదికి మునెమ్మ, నెత్తిన గోతం. అంతకుముందు రోజు తొమ్మిదీ ఎనిమిదికి మునెమ్మ, గోతం. ఇంకో రోజు తొమ్మిదీ పన్నెండు. పెట్టెలో ఎన్ని రోజులుంటే అన్ని రోజులూ ఆమె గోతం మోసుకుంటూ పోతూనే ఉంది. అన్ని బొమ్మల్లోనూ ఆమె నీడ గోడ దాకా పొడుగ్గా సాగి ఉంది. ఎండాకాలం తొమ్మిదింటికి మనిషి నీడ అంత ఉండదు. పశువులు కాసే పిల్లవాడికైనా తెలిసే సంగతి. నేను ఆ రోజు నీడ చూడలేదు, అంకెలు చూశాను.

పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పాలనుకున్న మొదటి మాట ఇదే. రికార్డు తెరిచే ముందు తెర మీద ఇప్పుడు టైము ఎంతుందో చూడండి, తర్వాత మీ చేతి గడియారం చూడండి. రెండో మాట, పక్కన మనిషి నిలబడి ఒకటి చెబుతుంటే ఆ మనిషినీ వినండి.

దుకాణానికి వచ్చి ముదలాళికి చెప్పాను. ఆయన తల ఎత్తకుండా, "టైము సరి చేసినావా?" అని అడిగాడు.

"చేసినా."

"అయిపొయ్యె గదా. నోరు మూసుకో. ఈ మాట బయటికి పోతే మన కెమెరా ఒక్కడు కొనడు. ఆమెకు యాడో ఒక చోట పని దొరికే ఉంటుంది."

నోరు మూసుకున్నాను. ముదలాళి మీద తోసేయడం సులభం గానీ, ఆయన చెప్పకపోయినా మూసుకునేవాణ్ణే. యంత్రం అబద్ధం చెప్పదన్నది నేను. సోమవారం, మంగళవారం రోజూలాగే నిచ్చెనలెక్కాను, దిగాను, అన్నం తిన్నాను. బుధవారం పొద్దున నా భార్య టిఫిను గిన్నె మూత పెడుతూ, "ఏమైంది, రెండు దినాల నుంచి ఎవురితోనూ పలకవు?" అంది. చెప్పాను. ఆమె గిన్నె నా చేతికి ఇచ్చి, "ముందు ఆడికి పో. పనికి తర్వాత పో," అంది.

తెర మీద ఒంటిగంటన్నర

చెంగల్రాయుడు ఒక్కడే ఉన్నాడు. విషయమంతా చెప్పి, రోజూ కనిపించే గోతాన్ని చూపించాను. ఆయన మంచివాడే. మొహంలో బాధ కనిపించింది.

"అయితే కేబులు కోసిందెవురు?" అన్నాడు.

ఆ రోజు వాళ్ళు పెళ్ళికి పోయిన తొమ్మిది నుంచి తిరిగి వచ్చిన ఒంటిగంట దాకా చూడాలి. అంటే తెర మీద పదకొండున్నర నుంచి మూడున్నర దాకా. తిప్పాను. తెర మీద ఒంటిగంటన్నర, అసలు టైము పదకొండు, అప్పుడు వెనక గేటు తెరుచుకుంది. హరి వచ్చాడు. కడుపులో బాగాలేనివాడు కేబులు చుట్టను భుజాన వేసుకుని, బయట ఆగి ఉన్న ఆటోలో పెట్టి, చేతులు దులుపుకుని లోపలికి పోయాడు. పోతూ పోతూ కెమెరా వైపు చూశాడు కూడా. కెమెరాలు చూసేది తానే కదా, ఇంక భయమెందుకు?

ఆ రెండున్నర గంటల తేడా అతనికి ముందే తెలుసో, లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఎనిమిదిన్నర నుంచి పెట్టమన్నది మాత్రం అతనే.

చెంగల్రాయుడు లేచి తలుపు మూసి వచ్చాడు.

"దీన్ని తీసెయ్ బాయ్."

"మునెమ్మ సంగతో అన్నా?"

"పని మళ్ళా ఇస్తా. రమ్మని చెప్పి పంపిస్తా. ఇప్పుడు పాల సెంటరు కాడికి పోయి, దొంగ మా అక్క కొడుకని చెప్పమంటావా నన్ను? ఆ పిల్లోడికి సంబంధాలు చూస్తా ఉండారు."

"హరి పేరు చెప్పద్దులేన్నా. మునెమ్మ కాదని ఒక్క మాట చెప్పు, చాలు."

"ఆమె కాదంటే మరి ఎవురు అంటారు గదప్పా."

నేను ఆ రికార్డు చెరపలేదు. "తీసేది నీ చేతిలోనే ఉండాది, నొక్కుకో," అని బయటికి వచ్చాను. ఆయన నొక్కే ఉంటాడు. ఎనిమిది కెమెరాలు పెట్టించుకున్న మనిషికి చివరికి దొంగ స్పష్టంగా దొరికాడు. దొరికిన వెంటనే చెరిపేశాడు.

ఆ సాయంత్రం నేనే పాల సెంటరు దగ్గరికి పోయాను. క్యాన్లు పట్టుకుని ముప్పై మంది దాకా ఉన్నారు. నాకు నలుగురిలో మాట్లాడటం చేతకాదు. చెప్పాలనుకున్నది అయిదారు ముక్కలు. "చెంగల్రాయన్న తోటలో పెట్టెకు టైము తప్పుగా పెట్టింది నేను. మునెమ్మ ఆరున్నరకే పొయ్యింది. గోతంలో ఉన్నింది పేడే. యంత్రం అబద్ధం చెప్పదని చెప్పింది నేనే, తప్పు చెప్పినా." ఒక ముసలాయన, "ఈ మాట చెప్పేదానికి చిత్తూరు నుంచి వస్తివా?" అన్నాడు. ఒకడు నవ్వాడు. పాలు పోసేవాళ్ళు పోసుకుంటూనే ఉన్నారు. అయినా అక్కడ ఆడవాళ్ళు కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మాట మునెమ్మ ఇంటికి నాకంటే ముందే చేరుతుందని అర్థమైంది.

హరి పేరు నేను చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందా అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది. చెప్పకపోయినా చెంగల్రాయుడు మా దుకాణంతో తెగతెంపులు చేసుకున్నాడు. ముదలాళి నాతో నెల రోజులు మాట్లాడలేదు. పనిలోంచి తీసేయలేదు, ఎందుకంటే పలమనేరులో ఏనుగులు మళ్ళీ వచ్చాయి, కెమెరాలకు గిరాకీ పెరిగింది.

గుజ్జు ఫ్యాక్టరీలో

మునెమ్మ అప్పటికే ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరే పనిలో చేరింది. మరునాడు మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక గేటు దగ్గర కలిశాను. చేతులు మోచేతుల దాకా పచ్చగా, జిగటగా ఉన్నాయి. నేను చెప్పిందంతా నిలబడి విన్నది. చెంగల్రాయుడు మళ్ళీ పనికి రమ్మన్నాడని కూడా చెప్పాను.

"మనిషిని పంపినాడు. ఎర్రావు పాలు పిండేదానికి ఎవురినీ దగ్గరికి రానీలేదంట," అంది. "నేను పోను."

"తప్పు నాది మునెమ్మా. పెట్టెకు టైము తప్పు పెట్టినా."

"నీ పెట్టెకు టైము తెల్దు, సరే. అది మొన్న వచ్చింది. పన్నెండేండ్లు నేను ఆ గేట్లోంచి పొయ్యేది ఆ ఇంట్లో వాళ్ళు సూస్తా ఉండారే, వాళ్ళకు తెల్దా?"

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది.

"నీకు ఎప్పుడు తెలిసింది సాయిబూ?"

"సోమారం పొద్దన్న."

"పాల సెంటరు కాడ చెప్పింది నిన్న గదా. బుధవారం."

"అవును."

"మరి మంగళవారం యాడుంటివి?"

పన్నెండేళ్ళు ఆమెను చూసి నమ్మనివాళ్ళ మీద నాకు అంతవరకు బాగా కోపం ఉండింది. ఆ కోపం అక్కడే చల్లారిపోయింది. బెల్లు మళ్ళీ కొట్టారు. మునెమ్మ అన్నం తినకుండానే క్యారియరు పట్టుకుని లోపలికి పోయింది.